స్నానాల నీళ్ళకు ఆ ఘాటు వాసన ఎందుకు?



ఈ నెల మన పేజీకి అరకు లోయ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. వ్రాసినది వసతిగృహంలో ఉండి ఏడవ తరగతి చదువుకుంటున్న ఒక అమ్మాయి. ఆమె ఇలా అడిగింది:

"మాస్టారూ, మా ఊళ్ళో కొండ ఊట నీళ్ళతో స్నానం చేసేవాళ్ళం. ఆ నీళ్ళకు ఏ వాసనా ఉండదు. ఇక్కడ ట్యాంకు నీళ్ళకు మందు వాసన వస్తుంది. కొన్ని రోజులు కళ్ళు కూడా మండుతాయి. తలంటుకుంటే జుట్టు బిరుసెక్కుతున్నది. విశాఖపట్నంలో షవరుకు బిగించే ఫిల్టర్లు దొరుకుతాయట. పెద్దది ఒకటి తెచ్చి, ట్యాంకు నుంచి కుళాయిలకు నీళ్ళు వచ్చే పెద్ద గొట్టానికే బిగిస్తే మా అందరి బాధా తీరుతుంది గదా?"

చాలా మంచి ప్రశ్న. ఈ అమ్మాయి చెప్పిన బాధ నిజమే. ఆ వాసనను తీసివేసే ఉపాయాలు ఉన్న మాటా నిజమే. అయితే ఫిల్టరు బిగించమన్న చోటు మాత్రం సరి అయినది కాదు. అక్కడ బిగిస్తే బాధ తీరకపోగా, పెద్ద ప్రమాదమే రావచ్చు. ఎందుకో చెబుతాను, వినండి.

ఆ వాసన దేనిది?

అది క్లోరిను అనే పదార్థపు వాసన. మీరు రోజూ తినే ఉప్పులో కూడా క్లోరిను ఉన్నది. ఉప్పులో సోడియంతో జతకూడి ఉన్నంతసేపూ అది ఎంతో సాధువు. జత విడి ఒంటరిగా ఉంటే మాత్రం మహా కోపిష్ఠి. ఎదుట ఏది కనబడితే దానితో కలియబడుతుంది.

స్వీడను దేశంలో షీలే అనే శాస్త్రజ్ఞుడు 1774లో ఈ వాయువును మొదటిసారి తయారు చేశాడు. 1810లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ ఇది మూలపదార్థమని తేల్చి, దాని లేత ఆకుపచ్చ రంగును బట్టి గ్రీకు భాషలోని మాటతో క్లోరిను అని పేరు పెట్టాడు. అంతకు ముందే, 1799లో, స్కాట్లండులో చార్లెస్ టెనెంట్ అనే ఆయన పొడి సున్నానికి ఈ వాయువును పట్టించి ఒక తెల్లని పొడి చేశాడు. బట్టలు తెల్లబరచడానికి ఆ పొడి ఉపయోగించేవారు. ఇప్పుడు మీ వసతిగృహంలో ట్యాంకులో కలిపే బ్లీచింగు పౌడరు అదే.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్‌లో, జర్మను సైన్యం బెల్జియంలో ఈ వాయువునే శత్రువుల మీదికి వదిలి ఎందరినో చంపింది. మరి అంతటి విషాన్ని మనం స్నానం చేసే నీళ్ళలో, తాగే నీళ్ళలో కలపడమేమిటి? రహస్యమంతా మోతాదులో ఉన్నది. మన దేశంలో తాగే నీటికి ఏర్పరచిన ప్రమాణం ప్రకారం, కుళాయి దగ్గర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలి ఉండాలి. అనగా 50 లక్షల పాళ్ళ నీటికి 1 పాలు. ఆ కాస్త మనిషిని ఏమీ చేయదు. కాని కంటికి కనబడని రోగక్రిమికి మృత్యువే.

ఈ సంగతి మనుషులకు తెలియడానికి చాలా కాలం పట్టింది. 1854లో లండనులో కలరా వచ్చినప్పుడు, అది నీటి వల్ల వ్యాపిస్తున్నదని జాన్ స్నో అనే వైద్యుడు చూపించాడు. 1884లో రాబర్టు కోక్ మన కలకత్తాలోనే పరిశోధన చేసి కలరా క్రిమిని గుర్తించాడు. 1897లో ఇంగ్లండులోని మెయిడ్‌స్టన్ పట్టణంలో టైఫాయిడ్ చెలరేగినప్పుడు నీటి గొట్టాలను బ్లీచింగు పౌడరుతో శుద్ధి చేశారు. 1905లో లింకన్ పట్టణానికీ, 1908లో అమెరికాలోని జెర్సీ నగరానికీ ప్రతిరోజూ క్లోరిను కలిపిన నీళ్ళు ఇవ్వసాగారు. అప్పటి నుంచి ఒక్కొక్క పట్టణమే ఈ పద్ధతిని అవలంబించింది. నీళ్ళ వల్ల వచ్చే టైఫాయిడ్, కలరాలు ఆ పట్టణాలలో తగ్గుముఖం పట్టాయి.

వాసన లేని నీళ్ళన్నీ మంచివేనా?

ఊట నీళ్ళు చెడ్డవని నేను అనను. వాన నీరు కొండ మట్టిలో, రాతి పొరల్లో నెమ్మదిగా దిగి, వడపోసుకుని, చల్లగా బయటికి వస్తుంది. ఊట పుట్టిన చోట ఆ నీరు చాలాసార్లు శుభ్రంగానే ఉంటుంది. చిక్కంతా ఆ తరువాతనే.

ఊట నీరు గెడ్డలో కలుస్తుంది. గెడ్డలో పశువులు దిగుతాయి. ఒడ్డున బట్టలు ఉతుకుతారు. ఆషాఢ శ్రావణాలలో కొండ మీద వాన పడితే, పొలాలలోనూ తుప్పలలోనూ ఉన్న మాలిన్యమంతా కొట్టుకువచ్చి అందులోనే పడుతుంది. అయినా నాలుగు రోజులు వాన వెలిసిందంటే నీళ్ళు మళ్ళీ తేటపడి అద్దంలాగా కనబడతాయి. విరేచనాలు కలిగించే క్రిములు ఎంత చిన్నవంటే, ఒక మిల్లీమీటరు పొడవున ఇంచుమించు 500 క్రిములను వరుసగా నిలబెట్టవచ్చు. అవి నీటికి రంగూ ఇవ్వవు, వాసనా ఇవ్వవు. కాబట్టి వాసన లేనంత మాత్రాన నీళ్ళు మంచివని చెప్పడానికి వీలులేదు.

నేను ఉద్యోగం చేసే రోజుల్లో ఒక కొండ వసతిగృహంలో ఇలాగే జరిగింది. ట్యాంకు నీళ్ళు కంపు కొడుతున్నాయని కొందరు పిల్లలు తెల్లవారుజామున గెడ్డకు పోయి స్నానం చేసేవారు. స్నానానికి పోయినవాళ్ళు స్నానం మాత్రమే చేసి ఊరుకుంటారా? అక్కడే పళ్ళు తోముకుని, పుక్కిలించి, దాహం వేస్తే దోసిలితో తాగారు. వానలు కురిసిన వారానికే వాళ్ళు ఉన్న గదిలో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. ఒక పిల్లవాడు బొత్తిగా నీరసించిపోయాడు. రోడ్డు తెగిపోయి బండి రాలేదు. పెద్దలు కర్రకు దుప్పటి కట్టి, డోలీలో వాడిని మోసుకుంటూ కొండ దింపారు. దారి పొడుగునా ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు గుక్క గుక్కగా తాగించబట్టి వాడు బ్రతికి బట్టకట్టాడు. స్నానాల నీటి సంగతి తాగే నీటికి సంబంధించినది కాదని ఎవరైనా అంటే నాకు ఆ డోలీయే జ్ఞాపకం వస్తుంది.

ఒకటే నీరు, రెండు చోట్లు

మీలో కొందరు బొర్రా గుహలు చూసి ఉంటారు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నది ఆ గుహల గుండా పారుతుంది. తరువాత కొండలు దిగి, తాటిపూడి జలాశయంలో నిలిచి, చివరకు భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నుంచి విశాఖపట్నానికి తాగే నీరు పోతుంది. అంటే, మీ కొండ మీద వాసన లేకుండా పారిన నీరే పట్నంలో క్లోరిను వాసనతో కుళాయిలోంచి వస్తున్నదన్నమాట.

మధ్యలో ఏం జరుగుతుందో చూడండి. ముందు నీళ్ళలో పటిక కలిపి మట్టిని అడుగుకు దింపుతారు. తరువాత ఇసుక పరుపుల గుండా వడపోస్తారు. అన్నిటి కంటె చివర క్లోరిను కలుపుతారు. ఈ వరుసను బాగా జ్ఞాపకం పెట్టుకోండి: ముందు తేర్చడం, తరువాత వడపోయడం, ఆ తరువాత మందు. ఈ వరుస తప్పితే ఏమవుతుందో తెలిస్తే, ఉత్తరం వ్రాసిన అమ్మాయి ప్రశ్నకు జవాబు దానంతట అదే దొరుకుతుంది.

కాపలా కాసే క్లోరిను

క్లోరిను కోపిష్ఠి అని చెప్పాను గదా? దానికి తన పర భేదం లేదు. నీటిలో కుళ్ళిన ఆకు ఉంటే దాని మీద పడుతుంది. బురద ఉంటే దాని మీద పడుతుంది. ఆకులతోనూ బురదతోనూ పోరాడి అలసిపోతే, క్రిముల దాకా వచ్చేసరికి దానిలో బలం ఉండదు. అందుకే బురద నీళ్ళలో ఎంత మందు పోసినా చాలదు. కొండల్లో వానాకాలం నీళ్ళ నిండా ఆకుల రసం, మట్టి ఉంటాయి గనుక, ముందు వాటిని వదిలించుకోవాలి. మన పెద్దలు చిల్లగింజను కుండ లోపల అరగదీసి మడ్డి నీటిని తేర్చేవారు. పటిక చేసే పనే అది కూడా చేస్తుంది.

సరే, నీళ్ళు తేటగా ఉన్నాయి, మందు కలిపారు. క్లోరిను నీటిలో హైపోక్లోరస్ ఆమ్లంగా మారి, క్రిమి పైపొరను తూట్లు పొడిచి లోపలికి జొరబడుతుంది. దీనికి వ్యవధి కావాలి. మందు కలిపిన తరువాత కనీసం అరగంట ఆగాలి. ఆ అరగంట అయిన తరువాత కూడా కొంచెం క్లోరిను నీటిలో మిగిలి ఉండాలి. నేను ఇందాక చెప్పిన 0.2 మిల్లీగ్రాములు అదే.

ఎందుకు మిగలాలి? ట్యాంకు నుంచి మీ చెంబు దాకా నీళ్ళకు ఎంతో ప్రయాణం ఉన్నది. గొట్టంలో ఎక్కడో పగులు ఉంటుంది. ట్యాంకు మూత తీసి ఉంటే పిట్ట రెట్ట పడుతుంది. బిందెలో ఎవరో చేయి ముంచుతారు. దారిలో కొత్తగా వచ్చిన ఈ క్రిములను చంపడానికి మిగిలిన ఆ క్లోరిను కాపలా కాస్తుంది. రాత్రిపూట వీధిలో గస్తీ తిరిగే తలారి కేక విని మనకు నిద్రాభంగం అయితే, తలారిని పనిలోంచి తీసివేస్తామా?

ఇప్పుడు చెప్పండి. ట్యాంకు పెద్ద గొట్టానికి ఫిల్టరు బిగిస్తే ఏమవుతుంది? స్నానాల గదికే కాదు, వంటింటికీ, తాగే నీటి కుళాయికీ కూడా కాపలా లేని నీళ్ళే పోతాయి. పైగా తడిగా, చీకటిగా, క్లోరిను లేకుండా ఉన్న ఫిల్టరు క్రిములు కాపురం పెట్టడానికి అనువైన ఇల్లు. కనుక సూత్రం ఇది: క్లోరిను తన పని అంతా ముగించిన తరువాత, ఒంటి మీద పోసుకునే ముందు, ఆ చివరి చోట మాత్రమే దానిని తీసివేయాలి. తాగే నీటి జోలికి పోకూడదు.

వాసన పోగొట్టే ఉపాయాలు

మొదటి ఉపాయానికి కానీ ఖర్చు లేదు. రేపటి స్నానానికి కావలసిన నీళ్ళను ఈ సాయంత్రమే వెడల్పు మూతి గల తొట్టెలో గాని, గంగాళంలో గాని పట్టి, పైన పలుచని గుడ్డ కట్టి ఉంచండి. తెల్లవారేసరికి క్లోరిను చాలా భాగం గాలిలోకి పోతుంది. ఎండలో పెడితే ఇంకా త్వరగా పోతుంది, ఎండకు క్లోరిను నిలవదు. గుడ్డ కట్టడం మరచిపోకండి. లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. ఆ నీళ్ళను మరునాడే వాడివేయండి. పుక్కిలించడానికి మాత్రం వాటిని వాడకండి.

రెండవది, కాచుకోవడం. నీళ్ళు కాగితే క్లోరిను ఆవిరితోపాటు పోతుంది. అరకు చలిలో వేణ్ణీళ్ళు కాచుకోవడం మీకు అలవాటే గదా! అన్నట్టు, అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది గనుక, అక్కడ నీరు 100 డిగ్రీలకు కాక, ఇంచుమించు 97 డిగ్రీలకే మరుగుతుంది. క్రిములను చంపడానికి ఆ వేడి చాలు. క్లోరినుకు లొంగని మొండి క్రిములు కొన్ని ఉన్నాయి. అవి కూడా మరిగిన నీళ్ళలో చస్తాయి. కనుక జబ్బులు వ్యాపించే రోజుల్లో తాగే నీటిని తెర్లేదాకా మరిగించి చల్లార్చుకోండి.

మూడవది సి విటమిను. ఇది క్లోరినును క్షణంలో సాధువును చేస్తుంది. 1 మిల్లీగ్రాము క్లోరినుకు సుమారు 2.5 మిల్లీగ్రాముల సి విటమిను చాలు. మీ బక్కెట్టులో 20 లీటర్ల నీళ్ళు ఉన్నాయనుకోండి. లీటరుకు 0.5 మిల్లీగ్రాముల చొప్పున క్లోరిను 10 మిల్లీగ్రాములు. దానికి 25 మిల్లీగ్రాముల సి విటమిను కావాలి. ఒక పెద్ద నిమ్మకాయ రసంలో ఇంచుమించు అంత ఉంటుంది. మీ కొండల్లో కాసే ఉసిరికాయలో ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది. తలంటుకున్న తరువాత చివరి బక్కెట్టులో కాస్త ఉసిరి రసం వడగట్టి కలుపుకుంటే చాలు.

నాలుగవది బొగ్గు. పూర్వం బడిలో మేము కుండల మీద కుండలు పెట్టి, ఒకదానిలో ఇసుక, ఒకదానిలో బొగ్గు వేసి నీళ్ళు వడపోసి చూపించేవాళ్ళం. ఫిల్టర్లలో వాడే బొగ్గు మన పొయ్యిలోని బొగ్గు కంటె చురుకైనది. కొబ్బరిచిప్పల వంటి వాటిని గాలి తగలకుండా కాల్చి, తరువాత మిక్కిలి వేడి ఆవిరి పట్టించి చేస్తారు. అప్పుడు దానిలో లెక్కలేనన్ని సన్నని బెజ్జాలు ఏర్పడతాయి. అటువంటి బొగ్గు ఒక్క గ్రాములో, ఆ బెజ్జాల లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే, ఇంచుమించు 1000 చదరపు మీటర్లు వస్తుంది. అంటే 25 సెంట్ల భూమి! అంత జాగాలో క్లోరిను ఎక్కడో ఒకచోట బొగ్గును తాకుతుంది. తాకగానే తన కోపం పోగొట్టుకుని, ఉప్పులో ఉండే సాధువు రూపానికి మారుతుంది.

షవరుకు బిగించే ఫిల్టరు ఇక చివరిది. షవరులో వాసన ఎక్కువ అనిపించడానికి కారణం ఉన్నది. వేడి నీళ్ళు సన్నని తుంపరలుగా పడేటప్పుడు క్లోరిను సులభంగా గాలిలోకి లేస్తుంది. బక్కెట్టు నీళ్ళలో అంతగా లేవదు. అయితే షవరు నీళ్ళు ఎంతో వేగంగా పోతాయి. చిన్న గిన్నెలోని బొగ్గును తాకి నిలిచే సమయం ఒకటి రెండు సెకండ్లే. అందుచేత కొన్ని ఫిల్టర్లలో బొగ్గుతోపాటు రాగి, తుత్తునాగము కలిపిన లోహపు పలుకులు గాని, కాల్షియం సల్ఫైటు అనే ఉప్పు గాని వేస్తారు. ఇవి వేడి నీటిలో కూడా పనిచేస్తాయి. ఏ ఫిల్టరైనా కొంతకాలానికి అరిగిపోతుంది. చెప్పిన గడువుకు లోపలి సరుకు మార్చకపోతే, అది ఉత్త డబ్బాతో సమానం. దాని నీళ్ళు తాగడం ఎప్పుడూ తగదు.

అమెరికాలో ఉన్న మీ బంధువులు ఎవరైనా, "మా ఇంట్లో నీళ్ళు రాత్రంతా ఉంచినా వాసన పోవడం లేదు" అంటే ఆశ్చర్యపడకండి. అక్కడి కొన్ని పట్టణాలలో క్లోరినుకు అమ్మోనియా కలిపి క్లోరమీను అనే మందుగా మారుస్తారు. అది అంత తేలికగా గాలిలోకి పోదు. సి విటమిను మాత్రం దానిని కూడా లొంగదీస్తుంది.

తప్పంతా క్లోరినుదేనా?

జుట్టు బిరుసెక్కిందని ఆ అమ్మాయి వ్రాసింది. క్లోరిను ఎక్కువైతే చర్మం మీది, జుట్టు మీది నూనె పోయి పొడిబారే మాట నిజమే. గజ్జి, తామర వంటివి ఉన్నవారికి దురద కూడా పుట్టవచ్చు. కాని తగిన మోతాదులో ఉన్న క్లోరిను చాలామందిని బాధించదు. మరి ఇంకేమి కారణాలు ఉన్నాయి?

బొర్రా వైపు కొండల్లో సున్నపురాయి ఉన్నది. గుహలను తొలిచిన నీరు ఆ సున్నాన్ని తనలో కలుపుకుంటుంది. అటువంటి నీళ్ళలో సబ్బు సరిగా నురగ రాదు. జుట్టుకు తెల్లని మడ్డి పట్టి బిరుసెక్కుతుంది. దీనిని కఠినజలం అంటారని మీరు చదువుకున్నారు. క్లోరిను తీసే ఫిల్టరు ఈ సున్నాన్ని తీయలేదు. కుంకుడుకాయ రసానికి మాత్రం కఠినజలంలో కూడా నురగ వస్తుంది. కనుక సబ్బు మాని కొన్నాళ్ళు కుంకుడుకాయతో తలంటుకుని చూడండి. ఇంకొక కారణం చలికాలంలో మరీ వేడి నీళ్ళు పోసుకోవడం. వేడి నీరు ఒంటి మీది నూనెను కరిగించేస్తుంది.

కళ్ళు మండడం మాత్రం వేరే సంగతి. అది కూడా "కొన్ని రోజులు" అని వ్రాసింది చూశారా? ఆ మాటలోనే గుట్టు ఉన్నది. బ్లీచింగు పౌడరు చెమ్మ తగిలితే చప్పబడిపోతుంది. కొండల్లో వానాకాలం గాలి నిండా చెమ్మే. పాత సంచీలోని పొడిని గుప్పెడు వేస్తే పనిచేయదు. కొత్త సంచీ విప్పి అదే గుప్పెడు వేస్తే కళ్ళు మండుతాయి. కాబట్టి కళ్ళు మండిన రోజున మోతాదు మించి ఉండవచ్చు. వాసన బొత్తిగా లేని రోజున కాపలాయే లేకపోవచ్చు. ఈ రెండవదే ఎక్కువ భయపడవలసిన రోజు.

పెద్దలకు ఒక మాట

బ్లీచింగు పౌడరు గుప్పెళ్ళతో కొలవకండి, తూచి వేయండి. తేటగా ఉన్న 1000 లీటర్ల నీటికి మంచి పొడి సుమారు 2.5 గ్రాములు చాలు. పొడిని నేరుగా ట్యాంకులో చల్లక, చిన్న పాత్రలో నీళ్ళతో కలిపి, సున్నం అడుగుకు దిగిన తరువాత పైనున్న తేట మాత్రమే పోయండి. అరగంట తరువాత కుళాయి నీటిని పరీక్షించండి. మందు చుక్కలు గాని, బిళ్ళ గాని వేస్తే నీటికి రంగు వస్తుంది. దాన్ని పెట్టెలోని రంగుల పట్టీతో పోల్చి చూడడమే ఆ పరీక్ష. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ పథకంలో ఊరి నీటిని పరీక్షించే పెట్టెలు ఇచ్చి, ఊరికి ఐదుగురు స్త్రీలకు ఆ పని నేర్పడం కూడా భాగమే. మీ ఊళ్ళో ఆ పెట్టె ఎవరి దగ్గర ఉన్నదో కనుక్కోండి. వసతిగృహంలో తేదీ, రంగు వ్రాసే పుస్తకం ఒకటి పెట్టి, ఆ వ్రాత పని పిల్లలకు అప్పగిస్తే వాళ్ళు దానిని ఎంతో శ్రద్ధగా చేస్తారు.

బావి ఉన్న చోట నాగపూరులోని జాతీయ పరిశోధన సంస్థ రూపొందించిన జోడు కుండల పద్ధతి ఉన్నది. చిన్న కుండలో 1 కిలో బ్లీచింగు పౌడరు, 2 కిలోల ముతక ఇసుక కలిపి పోసి, దానిని బెజ్జం ఉన్న పెద్ద కుండలో పెట్టి, మూతి కట్టి బావి నీటిలో ఒక మీటరు లోతుకు దింపుతారు. ఒక కుటుంబం వాడుకునే చిన్న బావికి అది రెండు మూడు వారాలు కొద్దికొద్దిగా క్లోరినును అందిస్తుంది.

ఇంకొకటి. 1974లో హాలండులో యోహానెస్ రూక్ అనే శాస్త్రజ్ఞుడు, కుళ్ళిన ఆకుల రసం ఉన్న నీటిలో క్లోరిను కలిస్తే ట్రైహాలోమీథేనులు అనే అక్కరలేని పదార్థాలు పుడతాయని చూపించాడు. ఇవి ఎన్నో ఏండ్లు ఎక్కువ మోతాదులో ఒంటికి చేరడం మంచిది కాదు. ఇది విని క్లోరినును మానివేయకూడదు. నీళ్ళను ముందు తేర్చి, వడపోసి, ఆకులూ బురదా లేకుండా చేసిన తరువాతనే మందు కలపాలి. వేడి నీళ్ళతో స్నానం చేసేటప్పుడు గది కిటికీ తెరచి ఉంచాలి.

బ్లీచింగు పౌడరును పిల్లలకు అందనివ్వకండి. మరుగుదొడ్లు కడిగే ఆమ్లంతో గాని, అమ్మోనియా ఉన్న మందులతో గాని దానిని ఎన్నడూ కలపకండి. ప్రాణం మీదికి తెచ్చే వాయువులు పుడతాయి.

మీరు చేసి చూడండి

పిల్లలూ, ఇప్పుడొక ప్రయోగం. మూడు గాజు సీసాలు తీసుకోండి. మందు వాసన వస్తున్న కుళాయి నీటితో మూడింటినీ నింపండి. మొదటి సీసాను అంచు దాకా నింపి బిరడా గట్టిగా బిగించి, చీకటి మూల పెట్టండి. రెండవ సీసాలోని నీటిని వెడల్పాటి పళ్ళెంలో పోసి ఎండలో ఉంచండి. మూడవ సీసాలో గుప్పెడు ఎండుటాకులు నలిపి వేసి, అంచు దాకా నీళ్ళు ఉండేట్టు చూసి బిగించి, మొదటిదాని పక్కనే పెట్టండి. సాయంత్రం మూడింటినీ వాసన చూడండి. రెండవదానిలో వాసన ఎటు పోయిందో మీకు తెలుసు. మూడవదానికి గాలీ తగలలేదు, ఎండా తగలలేదు. మరి దానిలో క్లోరిను వాసన ఏమైంది? ఆలోచించి వ్రాయండి. ఈ నీళ్ళు ఎవ్వరూ తాగకూడదు సుమా!

ఒక లెక్క కూడా ఇస్తున్నాను. మీ వసతిగృహపు ట్యాంకులో 5000 లీటర్ల తేట నీళ్ళు పడతాయి. మంచి బ్లీచింగు పౌడరు ఎన్ని గ్రాములు కావాలి? పొడి పాతబడి బలం సగానికి తగ్గితే ఎన్ని గ్రాములు?

ఉత్తరం వ్రాసిన అమ్మాయికి నా జవాబు: గొట్టాన్ని అలాగే ఉండనివ్వు. రాత్రి ఒక తొట్టెడు నీళ్ళు పట్టి గుడ్డ కట్టి, పొద్దున్న దానితో స్నానం చెయ్యి. తాగడానికి, పుక్కిలించడానికి మాత్రం ఆ వాసన ఉన్న కుళాయి నీళ్ళే వాడు. కళ్ళు మండిన రోజున, వాసన బొత్తిగా లేని రోజున కూడా మీ వార్డెను గారితో చెప్పి నీటిని పరీక్ష చేయించు. గెడ్డకు పోతామనే తోటిపిల్లలు ఉంటే వాళ్ళకు ఈ పేజీ చదివి వినిపించు. లెక్కకు జవాబు వచ్చే నెలలో.